దాలినాయుడి ఐదు గవ్వలు

శుద్ధ షష్ఠి, పొద్దున నీళ్లు వెనక్కి తీసే పాటు వేళ

కరెంటునిచ్చే ఎండ పలకల మీద కొంగలు రెట్టలేసి పోయాయి. అవి కడిగి, బల్ల తుడిచి, సహాయ కేంద్రం తలుపు తీసేసరికే గుమ్మం ముందు వరస కట్టేశారు. నీళ్ల మీద తెప్పలు కట్టి ఇళ్లు వేసుకున్న మా తెప్పలపేటలో మంచినీళ్ల వరస కన్నా నా దగ్గర వరసే పొడుగు. నా పేరు హైమావతి అన్న సంగతి ఈ దినచర్య పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఊరంతా మూతమ్మ అంటారు. మూత అంటే మేమందరం వాడే తాళాల ప్రోగ్రాం. ఉత్తరాలు, మందుల చీటీలు, పడవల దారులు, ఆఖరికి చేపల పులుసులో ఎవరేం వేస్తారో కూడా మూత కిందే దాచుకునే ఊరు మాది. అలా యంత్రంలో దాచుకునే చోటునే పెట్టె అంటాం. అమ్మమ్మల కాలంలో ఒక్క రోజున అందరి గుట్టూ అందరి ముందూ పడిందట. ఎవరి జబ్బేమిటో, ఎవరి మనసు ఎవరి మీద ఉందో, అన్నీ. ఆ దెబ్బ తిన్నవాళ్ల మనవలం కదా, మాకు గుట్టంటే తిండి తర్వాత తిండి.

ఇవాళ వచ్చినవన్నీ రోజూ వచ్చే తిప్పలే. ఒకావిడ తాళపు మాట పనిచెయ్యడం లేదని గోల పెట్టింది. చూస్తే మొగుడి యంత్రం పట్టుకొచ్చింది. ఒకతను పంపిన ఉత్తరం తమ్ముడికి తెరుచుకోవడం లేదట. తమ్ముడి తాళంతో వెయ్యాల్సినది తన తాళంతో వేశాడు మహానుభావుడు. ఇంకొకాయన కొత్త మూత ఎక్కించుకోమంటే ఏడాదిగా 'తర్వాత' అన్న మీటే నొక్కుతున్నాడు. వీళ్లందరికీ నేను ముందు చెప్పేది, కంగారుపడి దేన్నీ చెరపవద్దని. ఆ తర్వాత నాలుగు తిడతాను. తిట్టినా వస్తారు, ఎందుకంటే ఈ బల్ల మీదికి వచ్చి తెరుచుకోకుండా పోయిన పెట్టె ఇంతవరకూ లేదు. గొప్పకి రాయడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

మధ్యాహ్నం వరస పలచబడ్డాక దాలినాయుడు మాయ్య వచ్చాడు. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే మరల దగ్గర పెద్దమేస్త్రీగా చేసి దిగిపోయిన మనిషి. ఊళ్లో ఆయన నోటికి జడవనివాడు లేడు. వస్తూనే యంత్రాన్ని బల్ల మీద టప్పున పెట్టాడు.

"నీ మూత పాడైపోనాది. బాగుసెయ్యి."

"మూత పాడవదు మాయ్యా. పాడయితే మనుసులే పాడవ్వాల. ఏటయినాది?"

"నా పెట్టె తెరుసుకోడం నేదు."

"తాళపు మాట కొట్టినావా?"

ఆయన కిటికీలోంచి సముద్రం కేసి చూశాడు. "కొట్టినాను" అన్నాడు. ఆ చూపుతోనే నాకు అర్థమైపోయింది.

శుద్ధ సప్తమి

నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ పూటంతా మాయ్యతోనే సరిపోయింది. జరిగింది ఇది. పోయిన వర్షాల్లో కోపం వచ్చి తాళపు మాట మార్చేశాడు. మార్చాక పెట్టెను మళ్లీ మూసిందే లేదు. రోజూ తెరిచే ఉంచుకుని పని కానిచ్చేవాడు. మొన్నటి పిడుగుకు యంత్రం ఆగి మళ్లీ వెలిగింది, పెట్టె మూసుకుంది, మాట అడిగింది. ఒక్కసారి తప్ప ఎప్పుడూ కొట్టని మాట ఏ వేళ్లకు గుర్తుంటుంది?

ఇలాంటి వాటికి నా దగ్గర మందుంది కనుక నేనేమీ బెదరలేదు. మా ఊళ్లో ఎవరు పెట్టె పెట్టుకున్నా దాని తాళాన్ని ఐదు ముక్కలు చేసి, వేలిగోరంత బిళ్లల్లోకి ఎక్కించి, నమ్మిన ఐదుగురి చేతుల్లో పెడతారు. ఆ బిళ్లనే గవ్వ అంటాం, పుచ్చుకున్నవాళ్లను గవ్వచుట్టాలంటాం. ఏ మూడు గవ్వలు కలిసినా పెట్టె తెరుచుకుంటుంది. పై మాట ఎన్నిసార్లు మార్చినా ఫరవాలేదు, లోపలి తాళం అదే, గవ్వలు చెల్లుతాయి. పెళ్లికి పిలవకపోయినా ఊరుకునేవాళ్లు గవ్వ ఇవ్వకపోతే ఊరుకోరు.

"నీ గవ్వచుట్టాలు ఎవలు మాయ్యా? ముగ్గురిని పిలూ, పాటు తిరిగే లోగా తెరిసేత్తాను" అన్నాను.

"ఎవలూ నేరు."

"అదేటి?"

"అందరూ ఇచ్చీసినారు."

గవ్వ తిరిగి ఇచ్చేయడమంటే మా దగ్గర మాటలు కాదు. రేవులో, నలుగురి ముందూ, అరచేతిలో బోర్లా పెట్టి ఇస్తారు. అక్కడితో పొత్తు తెగిపోయినట్టు. ఒక్క మనిషి జీవితంలో ఒకటి తిరిగొస్తేనే ఇంట్లో దీపం పెట్టబుద్ధి కాదు. ఈయనకు ఐదూ తిరిగొచ్చాయి. సొంత చెల్లెలు పైడమ్మ, ఇప్పుడు మా ఊరి పెద్ద, నీళ్ల వంతుల దగ్గర దొంగ అన్నందుకు ఇచ్చేసింది. పడవలు చేసే తవుడు, కొత్త పడవను శవపేటిక అన్నందుకు ఇచ్చేశాడు. మరల దగ్గర ఈయన కింద పని నేర్చుకున్న ఏసుపాదం, పక్క తెప్ప నూకరత్నం, వంటలు చేసే మస్తాను, ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట తగిలింది.

"సరే, ఇచ్చీసిన గవ్వలు ఏవి? అయిదూ తే, మూడు సాలు."

మాయ్య గొంతు తగ్గింది. "బిళ్లలు సముద్రంలో పడీసినాను."

"ముక్కలు?"

"పోకుండా ఉండాలని... పెట్టెలోకి ఎక్కించినాను."

"ఏ పెట్టెలోకి?"

"ఈ పెట్టెలోకే."

తాళం చెవులు ఐదూ పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసుకున్నాడు! నవ్వు ఆపుకోలేకపోయాను. పడీ పడీ నవ్వాను. మాయ్య మాత్రం నవ్వలేదు, తిట్టలేదు కూడా. తిట్టకపోయేసరికి నా నవ్వు ఆగిపోయింది.

"నవ్వీ, పర్నేదు" అన్నాడు. "మీ అత్త గుండెమర తాళం ఆ పెట్టెలోనే ఉన్నాది."

శుద్ధ అష్టమి

మాయ్య పెళ్లాం వరాలమ్మ అత్తను తీసుకుని ఆస్పత్రి ఓడ ఎక్కాను. అమావాస్య పోటుకు వచ్చిన ఓడ, పున్నమి పోటుకు పోతుంది. మధ్యలో కదలలేదు, బయటి సముద్రంలోకి పోయే మొగ దగ్గర ఇసుక మేట అడ్డం. మళ్లీ రావడం ఏ ఆరు నెలలకో.

అత్త గుండెలో మర ఉంది. దాని బలం అయిపోవస్తోంది. కాసేపటికోసారి ఆవిడ జాకెట్టు లోపల్నించి చిన్నగా కూత వినిపిస్తుంది. అత్త దాన్ని "నా పిట్ట" అంటుంది. డాక్టరు జుబేదా గారు మెత్తగానే చెప్పారు కానీ, చెప్పింది మాత్రం మెత్తటి సంగతి కాదు.

"బలం మార్చడం గంట పని. కానీ తాళం లేకుండా ఈ మర ఎవరి చేతినీ ఒప్పుకోదు. బలవంతం చేస్తే ఆగిపోతుంది. కోసి మొత్తం మార్చాలంటే కొత్తది మా దగ్గర లేదు, ఉన్నా ఈవిడ ఒళ్లు తట్టుకోదు. తాళం తెండి. పున్నమి తర్వాత మేము ఉండం."

"తెస్తాం" అన్నాను. ఎలా తెస్తానో తెలియదు. అయినా గట్టిగానే అన్నాను, అత్త నా మొహంలోకే చూస్తోంది మరి.

పడవలో తిరిగొస్తూ అత్త నా చెయ్యి పట్టుకుంది. "మీ మాయ్యని తిట్టకే అమ్మా. ఆయన నోరే అలగ."

"ఆ నోటికే కదత్తా అయిదుగురూ ఎల్లిపోనారు."

"ఎల్లిపోనారా?" అంది అత్త. "నాకు బాగోనేనప్పుడల్లా గుమ్మంలో సేపలు ఎవలు ఎడతన్నారే మరి? గాలొచ్చినప్పుడల్లా మా తెప్ప మోకు బిగించి ఎవలు ఎల్తన్నారు? మీ మాయ్య సూడ్డు. నాను సూత్తాను, సెప్పను. సెప్తే మానేత్తారు."

నేను ఇంటికొచ్చి అన్నం తింటున్నా ఆ మాటే నమిలాను. గవ్వ ఇచ్చేశారు, నిజమే. ఇచ్చేసేముందు దానికి నకలు తీసి దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే?

శుద్ధ దశమి

నకలు తీసిన గవ్వను జంట గవ్వ అంటారు. మా ఊళ్లో అంతకన్నా పెద్ద తప్పు లేదు. తగువుపడ్డ ముగ్గురు జంట గవ్వలు దాచుకుంటే ఎవరి గుట్టయినా తెరిచేయొచ్చు కదా. అందుకని పైడమ్మ పిన్ని ఊరి పెద్ద అయ్యాక కట్టుబాటు పెట్టింది. జంట గవ్వ దొరికితే ఆ ఇంటి తెప్పను ఊరికి కట్టి ఉంచే మోకు విప్పేస్తారు, ఇక సముద్రం ఎటు తీసుకుపోతే అటు. ఎవరి దగ్గరుందో తెలిసి చెప్పకపోతే నా మోకు కూడా విప్పుతారు. మంచి కట్టుబాటే, నేను కూడా చెయ్యెత్తాను దానికి.

అయినా తవుడు దగ్గరికి వెళ్లాను. పడవ అడుగుకు నీళ్లు దిగకుండా తారులాంటి కీలు పూస్తున్నాడు.

"తవుడన్నయ్యా, వరాలమ్మత్త సంగతి ఇన్నావు కదా. నీ దగ్గర..."

చేతిలోని చీపురుకట్ట లాంటి కుంచె నా కేసి చూపించాడు. "అక్కడే ఆగు. ఆ మాట నోట్లోంచి రానీకు. నువ్వడిగితే నాను అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. నువ్వు మూతమ్మవి. తెలిస్తే ఊరి పెద్దకి రాసి ఇయ్యాల."

"రాయను."

"రాయకపోతే నీ మోకు పోతాది. అప్పుడు ఊరంతటికీ దిక్కెవలు? ఎల్లు, ఎల్లు."

తలకెక్కింది. నేను అడిగినంతకాలం ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఎవరిచ్చారో నాకు తెలియకుండా గవ్వలు నాకు కావాలి. ఇంత తెలివితక్కువ కోరిక ఎవరైనా కోరతారా అనుకున్నాను. దారిలో గుర్తొచ్చింది, మూత చేసినవాళ్లు ఎప్పుడో కోరారు. అందులో హుండీ అని ఒక అర ఉంది. పదేళ్లుగా ఎవరూ వాడలేదు. హుండీ తెరిచి పెడితే ఊళ్లో ఎవరి యంత్రం నుంచైనా గవ్వ అందులో వెయ్యొచ్చు. గుళ్లో హుండీలాగే, వేసినవాళ్ల పేరు పడదు. ఎన్ని పడ్డాయో మాత్రం కనబడుతుంది.

మాయ్య యంత్రాన్ని నా బల్ల మీదే ఉంచి హుండీ తెరిచాను. తలుపుకు కాగితం అంటించాను. 'దాలినాయుడు గారి పెట్టెకు హుండీ తెరిచి ఉన్నది. పున్నమి పోటు వరకు.' తర్వాత చేపలమ్మే నూకరత్నం దగ్గర అరకిలో పండుగొప్ప కొని, ఆ మాటా ఈ మాటా చెబుతూ హుండీ సంగతీ చెప్పాను. ఇక ఊరికి వేరే చెప్పక్కర్లేదు.

శుద్ధ ఏకాదశి

మాయ్య పొద్దున్నే వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. తెర మీద సున్నా ఉంది.

"ఎవలూ ఎయ్యరు" అన్నాడు. "నానయితే ఎయ్యను."

"నువ్వయితే ఎయ్యవు, నాకు తెల్సు. నువ్వు అందరినీ నీలాగే అనుకుంటావు, అదీ నీ జబ్బు."

మామూలు రోజయితే దీనికి బల్ల ఎగిరిపడేది. ఇవాళ తల దించుకున్నాడు. ఆయన అలా తగ్గిపోవడం నాకు నచ్చలేదు. టీ కాచి ఇచ్చాను. టీ సగం తాగేసరికి తెర మీద సున్నా పోయి ఒకటి వచ్చింది.

మాయ్య గ్లాసు కింద పెట్టాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకుని చూశాడు. మళ్లీ తీసి తుడిచాడు. సాయంత్రం దీపాల వేళకు రెండు అయింది. నేను అప్పటికే రేపటికి తెరిచేస్తానని లెక్కేసుకుని, అత్తకు కబురంపాను కూడా. నా గొప్ప నాదే.

శుద్ధ త్రయోదశి

రెండు రెండుగానే ఉంది. నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. అత్త పిట్ట ఇప్పుడు మాటకు మాటకూ మధ్య కూస్తోందట. పక్క మీద నుంచి లేవడం లేదు.

కబురంపినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆశ పెట్టి నీరసపరచడం కన్నా పాపం ఏముంది? రోజూ తెరిచే చేతులివి, ఇంత దగ్గరికొచ్చి ఆగిపోతే నా మీద నాకే మంట పుట్టింది. ఆ మంటలో హుండీ లోపలి పద్దంతా మళ్లీ తిరగేశాను. అప్పుడు కనబడింది, ముందే చూడాల్సింది. పడ్డవి రెండు. తిరగ్గొట్టినవి బోలెడు. నిన్న పొద్దుట్నించి ఎవరో గవ్వ వేస్తున్నారు, మూత వద్దంటోంది. మళ్లీ వేస్తున్నారు, మళ్లీ వద్దంటోంది. ఎవరో తెలియదు కానీ, కారణం మాత్రం రాసి ఉంది. వేళ కలవలేదు, అని.

ఇది నా గుమ్మంలో వారానికి ఒకసారైనా వచ్చే చిక్కే! చాలాకాలం ఆర్పేసి ఉంచిన యంత్రానికి బలం పోయి గడియారం మొదటికి వెళ్లిపోతుంది. ఎప్పుడో పుట్టకముందు నాటి తేదీ చూపిస్తుంది. తేదీ కలవనిదాన్ని మూత దొంగసరుకు కింద కట్టేస్తుంది. జంట గవ్వ దాచుకున్నవాళ్లు దాన్ని చేతిలో తిప్పే యంత్రంలో ఉంచుకోరు. పాత యంత్రంలో పెట్టి, ఆర్పేసి, ట్రంకు అడుగున బట్టల కింద తోసేస్తారు. ఇప్పుడు బయటికి తీసి, వెలిగించి, వేసి, వేసి అలసిపోతున్నారు. నా దగ్గరికి వస్తే చిటికెలో చెబుతాను. నా దగ్గరికి రాలేరు. ఊళ్లో అందరికీ సాయం చేసే బల్ల ఇది, ఈ ఒక్క మనిషి మాత్రం ఈ గుమ్మం తొక్కలేడు.

మరి నేనే వెళ్లాలి. ఎక్కడికి? అన్ని గుమ్మాలకూ ఒక్కసారే.

పైడమ్మ పిన్ని రేవులో మోకులు తడిమి చూస్తోంది. గాలికాలం ముందు ప్రతి మోకునూ తనే చూసుకుంటుంది, ఇంకొకరిని నమ్మదు. ఊరంతా వినబడే మైకు కూడా ఆవిడ చేతిలోనే ఉంటుంది.

"మైకు కావాల పిన్నీ. రేపు పొద్దున్న."

"గాలి కబురుకీ పోటు కబురుకీ తప్ప మైకు ఇయ్యనని తెల్దేటి?"

"మూతలో అందరికీ వచ్చే తిప్పలున్నాయి కదా, అవి సదువుతాను. అందరికీ పనికొచ్చేవే."

"ఏ తిప్పలు?"

"మాట మర్చిపోడం, మూత పాతబడిపోడం..." ఆగి, మామూలుగా అన్నాను, "ఎన్నాళ్లో ఆర్పేసి ఉంచిన యంత్రానికి గడియారం ఎనక్కి పోడం."

పిన్ని చెయ్యి మోకు మీద ఆగింది. నా కేసి చూడలేదు. నీళ్లలోకి చూసింది. తర్వాత మోకును ఇంకో మెలిక తిప్పి బిగించింది.

"సదువు" అంది. "నెమ్మదిగా సదువు, పెద్దోళ్లకి ఇనబడాల. ఆ గడియారం మాట రెండుపాల్లు సదువు."

నేను ఏమీ అనుకోలేదు. అనుకోకుండా ఉండడానికే నాకు ఊరు జీతమిస్తోంది.

శుద్ధ చతుర్దశి

పొద్దున్నే మైకు ముందు నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. గాలి కబురనుకుని జనం తెప్పల మీదికి వచ్చేశారు.

"మూత సహాయ కేంద్రం నుంచి హైమావతి. తరచుగా వచ్చే ఇబ్బందులు, వాటి మందు. తాళపు మాట పనిచేయకపోతే ముందు యంత్రం మీదేనా అని చూసుకోండి. ఉత్తరం పంపేటప్పుడు పుచ్చుకునేవారి తాళం వేయండి, మీది కాదు. తాళం ముక్కలను అదే పెట్టెలో దాచకండి."

ఇక్కడ ఎవరో నవ్వారు. నవ్వనీ.

"చాలాకాలం వాడకుండా దాచిన యంత్రాన్ని మళ్లీ వెలిగిస్తే, దాని గడియారం వెనక్కి పోయి ఉంటుంది. అలాంటప్పుడు మీరు ఏం పంపినా మూత తిప్పికొడుతుంది. కంగారుపడి దేన్నీ చెరపకండి. ముందు నేటి తేదీ, వేళ సరిచేయండి. ఒకసారి ఆర్పి వెలిగించండి. అప్పుడు పంపండి. తప్పు మీది కాదు, గడియారానిది."

అదంతా మళ్లీ ఒకసారి చదివాను, నెమ్మదిగా.  

పరుగున కేంద్రానికి వచ్చాను. మాయ్య తెర ముందు ఉన్నాడు. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. బయట కాకులు, దూరంగా మరల చప్పుడు. తెర రెండు అంటోంది. రెండు అంటోంది. మాయ్య చెయ్యి బల్ల మీద ఉంది. నా చెయ్యి దాని మీద వేశాను. ఎప్పుడూ వెయ్యలేదు అంతకుముందు.

మూడు.

పెట్టె తెరుచుకుంది. ఏ హడావిడీ లేదు, రోజూ తెరుచుకున్నట్టే తెరుచుకుంది. లోపల ఐదు ముక్కలూ వరసగా కూర్చుని ఉన్నాయి, వాటి పక్కనే అత్త గుండెమర తాళం. దాన్ని బిళ్లలోకి దించి మాయ్య గుప్పిట్లో పెట్టి, "పరిగెట్టు" అన్నాను. ఆ వయసులో ఆయన అలా పరిగెడతాడని అనుకోలేదు. నేనే వెనకబడ్డాను.

అత్తను పడవలో ఓడకు చేర్చగానే లోపలికి తీసుకుపోయారు. నాకు ఉండబుద్ధి కాక తిరిగొచ్చి హుండీ మూసేద్దామని బల్ల దగ్గరికి వెళ్లాను. తెర మీద నాలుగు ఉంది. మూయడానికి చేయి రాలేదు. యంత్రాన్ని అలాగే చంకన పెట్టుకుని ఓడకు వెళ్లాను. మాయ్య గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన చూస్తుండగానే ఐదు అయింది.

"తెరుసుకున్నాది కదా" అన్నాడు. "మరింకా ఎందుకు ఏత్తన్నారు?"

"తెరుసుకుందని ఆళ్లకెలగ తెలుత్తాది? సరిపోనేదేమోనని ఆళ్ల వంతు ఆళ్లు ఏత్తన్నారు."

"అయిదుగురూనా?"

"అయిదుగురూ."

"దొంగ నాయాళ్లు" అన్నాడు మాయ్య. "మొకం మీద పారేసి ఎల్లినారు, ఒక్కడూ తెంపుకోనేదు." అని తలవంచుకుని పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. డాక్టరు జుబేదా గారు తలుపు తీసి మా ఇద్దరినీ చూసి హడలిపోయి, "ఏమీ కాలేదు, బాగానే ఉన్నారు! పని అయిపోయింది" అన్నారు.

లోపల అత్త నిద్రపోతోంది. పిట్ట కూయడం మానేసింది.

పున్నమి, పెద్ద పోటు

పొద్దున్నే మాయ్య వచ్చి, "కొత్త తాళం సెయ్యి" అన్నాడు. పాత తాళం తీసేసి కొత్తది వేశాను. పాత గవ్వలు, జంట గవ్వలు అన్నీ ఆ క్షణంతో చెల్లకుండా పోయాయి. ఎవరింట్లో ఏ మూల ఏం దాగి ఉన్నా ఇప్పుడది ఉత్త బిళ్ల. కొత్త గవ్వలు ఐదు కోసి చేతిలో పెట్టాను.

"తీసుకుంటారంటావా?" అని అడిగాడు. ఆ మనిషి నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. ఎప్పుడూ చెప్పడమే.

"ఏమో మాయ్యా. ఇది మూతలో చిక్కు కాదు, నాకు మందు తెల్దు."

ఓడ పోయేవేళ ఊరంతా రేవులో ఉంది. అత్త మెల్లగా ఓడ మెట్లు దిగింది. మాయ్య ఆవిడ చెయ్యి వదిలి నేరుగా పైడమ్మ పిన్ని ముందుకు వెళ్లి నిలబడ్డాడు. రెండేళ్ల కిందట ఆవిడ గవ్వ బోర్లా పెట్టిన చోటే అది.  ఆయన అరచేయి చాపాడు, గవ్వ వెల్లకిలా ఉంది.

"పైడీ, నీళ్ల వంతుల్లో నాను అన్న మాట తప్పు. ఊరి ముందు అన్నాను, ఊరి ముందే సెప్తన్నాను. తీసుకుంటావా?"

పిన్ని తీసుకోలేదు. చాలాసేపు గవ్వ కేసి చూసింది. నా పక్కనున్న తవుడు ఊపిరి నాకు వినబడింది. కట్టుబాటు పెట్టిన మనిషి, ఊరి పెద్ద, చెయ్యి చాపి గవ్వ తీసి కొంగున ముడి వేసుకుంది.

"ఈపాలి గడియారం సూసుకుంటాన్లే అన్నయ్యా" అంది.

చెప్పింది గొణుగుతూ కాదు, రేవంతా వినబడేలాగే. ఆ తర్వాత తలెత్తి ఊరి కేసి చూసింది, ఏం చేస్తారో చెయ్యండి అన్నట్టు. అంత పెద్ద రేవులో అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. తవుడు గొంతు సవరించుకున్నాడు.

"ఓయ్ దాలినాయుడూ, నాకేదీ? నానేటి పాపం సేసినాను?"

ఏసుపాదం ముందుకు వచ్చాడు. మస్తాను వచ్చాడు. నూకరత్నం చేపల తట్ట దింపి, చేతులు చీరకు తుడుచుకుని చాపింది. అత్త నా భుజం మీద తల ఆనించి, "సెప్పినాను కదే" అంది.

పిన్ని అన్న మాట రేవులో అందరూ విన్నారు, ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. ఓడ వెళ్లిపోయాక రేవు పొడుగునా నడిచి చూసుకున్నాను. మోకులన్నీ ఎక్కడివక్కడే కట్టి ఉన్నాయి.